కడుపునొప్పి పోవట్లేదా? బరువూ తగ్గుతోందా?

ప్లేస్‌మెంట్ల సీజన్‌లోనో, గ్రూప్స్ ప్రిపరేషన్ మధ్యలోనో కడుపునొప్పి వస్తే మనకు తోచే కారణాలు రెండే. ఒకటి మెస్ తిండి, రెండోది టెన్షన్. మెడికల్ షాపులో ఓ గ్యాస్ మాత్ర కొనుక్కుని మళ్లీ పుస్తకం ముందు కూర్చుంటాం. చాలాసార్లు అదే సరిపోతుంది కూడా. కానీ నొప్పి వారాల తరబడి వస్తూపోతూ, డైటింగ్ ఏమీ చేయకుండానే ప్యాంటు వదులవుతుంటే మాత్రం ‘పరీక్షయ్యాక చూసుకుందాంలే’ అనుకోవద్దు.

ఎంత తగ్గితే ఆలోచించాలి?

ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మీ ప్రయత్నం లేకుండా శరీర బరువులో 5 శాతానికి మించి తగ్గితే కారణం వెతకాల్సిందే. 60 కిలోలున్నవారికి అది 3 కిలోలు. ఒత్తిడితో ముదిరే ఐబీఎస్‌లో కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం ఉంటాయి. అయితే బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి సాధారణంగా దాని లక్షణాలు కావు. ఇవి ఉంటే నెపం టెన్షన్ మీదికి నెట్టేయకండి.

ఏమై ఉండొచ్చు?

* పేగుల టీబీ: టీబీ అంటే దగ్గే అనుకుంటాం. పేగులకూ వస్తుంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గడం, పొత్తికడుపులో కుడివైపు నొప్పి ఉండొచ్చు. దగ్గు లేకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే రావొచ్చు.

* క్రోన్స్ వ్యాధి: ఎక్కువగా 15-35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. చూడటానికి పేగుల టీబీలాగే ఉంటుంది. తేడా తేల్చకుండా క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే, ఉన్నది టీబీ అయినప్పుడు అది ముదిరిపోతుంది. అందుకే కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

* అల్సర్: కారం, టెన్షన్ కన్నా హెచ్.పైలోరీ బ్యాక్టీరియా, విచ్చలవిడిగా వేసుకునే నొప్పి మాత్రలే దీనికి ప్రధాన కారణాలు. ఇది నిరూపించడానికి డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగేశారు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

* సీలియాక్: గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం. అనుమానం వస్తే ముందే చపాతీలు మానేయకండి. మానేస్తే రక్తపరీక్షలో దొరక్కపోవచ్చు.

* షుగర్, థైరాయిడ్: బాగా తింటున్నా బరువు తగ్గుతుంటే వీటినీ చూడాలి. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం ఉంటే వెంటనే షుగర్ టెస్ట్ చేయించుకోండి.

ఈ వయసులో క్యాన్సర్ అరుదు. గూగుల్‌లో వెతికి భయపడటం కన్నా ఓపీకి వెళ్లడం మేలు.

లాగ్ రాయండి

కోడ్‌లో బగ్ పట్టుకోవాలంటే ముందు లాగ్ చూస్తాం. ఇక్కడా అంతే. రెండు వారాలు ఫోన్‌లో నోట్ చేసుకోండి: నొప్పి ఎక్కడ, ఎప్పుడు, తిన్నాక పెరుగుతుందా తగ్గుతుందా, విరేచనం ఎలా ఉంది, జ్వరం ఉందా, ఏ మాత్రలు వేసుకున్నారు. వారానికోసారి ఒకే మెషీన్ మీద బరువు చూసుకోండి. ఇప్పటికే బరువు బాగా తగ్గినా, జ్వరం ఉన్నా లాగ్ కోసం ఆగొద్దు.

సాధారణంగా మొదట రక్తం, షుగర్, థైరాయిడ్, మల పరీక్షలు, తర్వాత అల్ట్రాసౌండ్ రాస్తారు. అవసరమైతేనే సీటీ స్కాన్, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. టీబీ అని తేలితే మందులు ఉచితం, నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఇస్తారు. పేగుల టీబీకి మామూలుగా 6 నెలల కోర్సు. పూర్తిగా వాడితే నయమవుతుంది. మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదముంది.

ఆ రోజే ఆసుపత్రికి

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి మలం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోవడం, భరించలేని నొప్పి... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రూమ్మేట్‌ను లేపండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. 108 ఉంది.

ఇంట్లోవాళ్లు కంగారుపడతారని దాచిపెట్టకండి. నోటిఫికేషన్లు మళ్లీ వస్తాయి. ఈ వారం ఒక పూట డాక్టర్‌కు కేటాయిస్తే సిలబస్‌కు పెద్ద నష్టమేమీ ఉండదు.