చెమట పడితే కొవ్వు కరిగినట్లేనా?

నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం కట్ట మీద నడిచే ఆడవాళ్ల మాటలు వింటుంటే భలే ఉంటుంది. "చెమట బాగా పడితేనే కొవ్వు కరుగుతదంట అక్కా!" అంటూ ఒకావిడ మే నెలలోనూ స్వెట్టర్ వేసుకునే నడుస్తుంది! చెమట పట్టేది ఒళ్లు చల్లబడడానికి. నడిచొచ్చాక కాటా మీద తగ్గినట్లు కనిపించేది నీరే. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుంది. పైగా మన పాలమూరు ఎండలకు స్వెట్టరా? వడదెబ్బను పిలిచినట్లే.

వనపర్తిలో మా మేనకోడలిది మరో లెక్క. పొట్ట తగ్గాలని రోజూ వందసార్లు వంగి లేస్తుంది. కండరాలు గట్టిపడతాయి, మంచిదే. కానీ ఏ చోటి కొవ్వు ముందు కరగాలో మనం నిర్ణయించలేం. ఒళ్లంతా తగ్గుతూ వస్తేనే పొట్టా తగ్గేది. "అరగంట నడిచా కదత్తా" అని గుప్పెడు వేయించిన పల్లీలు నోట్లో వేసుకుంటుంది. 60 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 క్యాలరీలు. 30 గ్రాముల పల్లీల్లో 170 దాకా ఉంటాయి! పల్లీలు మానమని కాదు సుమా, లెక్క చూసుకోమని.

ఇవి నవ్వుకునే సంగతులు. గద్వాలలో మా చిన్నమ్మ సంగతికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దస్తమానం కూర్చుని కండెలు చుట్టే పని ఆమెది. షుగరు కూడా ఉంది. పరగడుపున నడిస్తే కొవ్వొక్కటే కరుగుతుందని ఎవరో చెప్పారు. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా గంటసేపు నడిచింది. కాళ్లూ చేతులూ వణికి, కళ్లు తిరిగి రోడ్డు పక్కనే కూలబడింది. టీ కొట్టతను గబగబా చక్కెర నీళ్లు తాగించాడు కాబట్టి సరిపోయింది.

పరగడుపున నడుస్తున్నంతసేపూ ఒళ్లు కొవ్వును కాస్త ఎక్కువ వాడుకునే మాట నిజమే. కానీ రోజు మొత్తంలో తినేది అంతే అయితే, చివరికి తగ్గే కొవ్వులో పెద్ద తేడా ఉండదు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్లకు మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు నడవాలో డాక్టరునడిగే మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట. నడక ఒక్కటే చాలదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బరువులెత్తితే మగాళ్లలా తయారవుతామన్న బెంగ వద్దు. అంతంత కండలు పెరిగే హార్మోను మనలో చాలా తక్కువ.

చిన్నమ్మ ఇప్పుడు సగం జొన్నరొట్టె తిని బయల్దేరుతుంది. కొంగున చక్కెర పొట్లం ఉంటుంది. మధ్యాహ్నం కండెల మధ్యలో లేచి, కుర్చీలో పదిసార్లు కూర్చుని లేస్తుంది. ఆర్నెల్లలో తగ్గింది రెండు కిలోలే. "కానీ మోకాలు పట్టుకోకుండా లేస్తున్ననే!" అంటుంది.