తాతకు ఆక్సిజన్, మనవడికి ముక్కుచీమిడి: ఎందుకలా?

ధర్మవరంలో చాలా నేత ఇళ్లలో మగ్గం గుంట ఉన్న గదే పడకకూ, వంటకూ. కరోనా రోజుల్లో ‘రోగిని వేరే గదిలో ఉంచండి’ అన్న సలహా ఆ ఇళ్లకు ఎట్లా కుదురుతుంది? అలాంటి ఇంట్లో ఒకే గాలి పీల్చినా తాత ఆక్సిజన్ దాకా పోయాడు, మనవడు రెండు రోజులు ఒళ్లు కాలి మూడోరోజుకు వీధిలో ఆడుకున్నాడు. వైరస్ ఒకటే కదా, ఈ తేడా ఎక్కడిది?

తేడా ముక్కులో మొదలవుతుంది. ఏడాది పొడవునా ఏదో ఒక జలుబు తగిలే పిల్లల ముక్కుపొరలో కాపలా ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. వైరస్ దిగగానే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం పుట్టి, చుట్టుపక్కల కణాలను జాగ్రత్త పడమంటుంది. పెద్దల్లో ఈ కబురు ఆలస్యంగా అందుతుంది, ఆలోపు వైరస్ ఊపిరితిత్తులకు దిగుతుంది. షుగరు, బీపీ దానికి తోడు. అంతమాత్రాన పిల్లలకు సోకదని కాదు. 2020 మార్చి చివర అనంతపురం జిల్లాలో బయటపడ్డ తొలి కేసుల్లోనే ఒక పిల్లవాడున్నాడు.

మరి మందేమిటి? చాలామంది పిల్లలకు పారాసిటమాల్ చాలు. మోతాదుకు వయసు కాదు, బరువు లెక్క: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. గంజి, మజ్జిగ, విరేచనాలైతే ఓఆర్‌ఎస్. తల్లికి కరోనా ఉన్నా మాస్కు కట్టుకుని పాలివ్వొచ్చు. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. పెద్దల కోసం జనం రెమ్డెసివిర్‌కు ఊరూరా తిరిగిన 2021లోనే, జూన్‌లో, పిల్లలకు ఆ మందు వద్దనీ, జబ్బు తేలికగా ఉంటే స్టెరాయిడ్లు హానికరమనీ కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఏమీ చేయకపోవడమూ వైద్యమేనంటే నాకూ అప్పట్లో మింగుడుపడలేదు.

ఆస్పత్రికి ఎప్పుడు పోవాలి? పిల్లోడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆపైన 30 వచ్చినా, దాటినా ఆలస్యం చేయొద్దు. పడుగు పోగులు లెక్కించే చేతులకు ఇది పెద్ద పనికాదు. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, మత్తుగా పడున్నా అంకెతో పనిలేదు. ముందు దగ్గర్లోని సర్కారు ఆస్పత్రికి పోవాలి. ఐసీయూ కావాలంటే అనంతపురం సర్వజన ఆస్పత్రికో, బెంగళూరుకో పోవాలి. ఆ దారిలో పోయే సమయాన్నీ లెక్కలో పెట్టుకుని ముందే కదలాలి.

నాకు భయం వేసేది మాత్రం జబ్బు తగ్గాక వచ్చే జ్వరమంటేనే. కరోనా పోయిన రెండు నుంచి ఆరు వారాలకు, అందరూ మరిచాక, అరుదుగా కొందరు పిల్లలకు మూడు రోజులకు మించి జ్వరం కాస్తుంది. కళ్లు, పెదాలు ఎర్రబడతాయి, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు. దీన్ని మిస్-సి అంటారు. అప్పటికి ఒంట్లో వైరస్‌తో పోరు దాదాపు ముగిసే ఉంటుంది, ఆగని రోగనిరోధక శక్తే గుండెనూ రక్తనాళాలనూ వాపెక్కిస్తుంది. 1967లో జపాన్ పిల్లల డాక్టర్ తొమిసాకు కవాసాకి వర్ణించిన జబ్బును పోలి ఉండటంతో, 2020లో బ్రిటన్ డాక్టర్లు దీన్ని త్వరగానే పసిగట్టారు. కడుపునొప్పి చూసి అపెండిసైటిస్ అనుకుని పొరబడే వీలుంది. అందుకే ‘నెల కింద ఇంట్లో కరోనా వచ్చింది సార్’ అన్న ఒక్క మాట డాక్టరుకు చాలా విలువైనది.

మిస్-సికి స్టెరాయిడే మందు, ఇక్కడ ఆలస్యమే హాని. దాంతోపాటు దాతల రక్తంనుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను నరానికి ఎక్కిస్తారు, ఎకో పరీక్షతో గుండెను చూస్తుంటారు. వేళకు చేరితే చాలామంది పిల్లలు కోలుకుంటారు. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్న పిల్లలకు తట్టు టీకా దాదాపు 11 నెలలు ఆగి వేయాలి, ముందే వేస్తే సరిగా పట్టదు. ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని టీకా కార్డుతోనే పెట్టి, ఏఎన్ఎమ్ వచ్చినప్పుడు చూపించండి.