ప్రవాస బాలలకు ఆన్‌లైన్ తెలుగు బోధన: పాఠ్యక్రమ రూపకల్పనలో ద్విత్వాక్షరాల స్థానం

ప్రవేశిక:
తెలుగునేలకు దూరంగా పెరుగుతున్న పిల్లలకు భాష నేర్పే ప్రయత్నాలు వారాంతపు తరగతులకే పరిమితం కాక, నేడు ఆన్‌లైన్ పాఠాలుగానూ సాగుతున్నాయి. 2007లో ప్రారంభమైన సిలికానాంధ్ర మనబడి వంటి వ్యవస్థలు ఈ రంగంలో సుపరిచితాలు. అయితే బోధనామాధ్యమం మారినంత వేగంగా పాఠ్యక్రమం మారలేదు. పలకపై దిద్దించిన వరుసనే తెరపై ఉంచి, దానికి బొమ్మలూ సంగీతమూ జోడించడం తరచుగా కనిపించే పద్ధతి. అసలు ఆ వరుస ఎవరిని ఉద్దేశించినదో పరిశీలించవలసి ఉంది.

వరుసలోని చిక్కు:
అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్న క్రమం ఇంటా బయటా తెలుగు వినే పిల్లలకు సరిపడేది. వారికి పదసంపద ముందే ఉంటుంది. బడి లిపిని అందిస్తే చాలు. ప్రవాస బాలలకు తెలిసిన పదాలు ప్రధానంగా ఇంట్లో వినిపించేవి: అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు, అత్త, మామయ్య, అమ్మమ్మ, అన్నం, పప్పు. వీటిలో ద్విత్వం లేని పదం ఒక్కటీ లేదన్నది గమనార్హం. ఒత్తులను చివరికి నెట్టిన పాఠ్యక్రమంలో ఆ పిల్లలు ఎరిగిన మాటలే అన్నిటికంటే ఆలస్యంగా చదవడానికి దొరుకుతాయి. వాటికి బదులు గద, జడ, ఉడత, ఓడ ముందుకొస్తాయి. గద అంటే ఏమిటో మొదట ఆంగ్లంలో వివరించి, ఆపైన తెలుగులో చదివించవలసి రావడం విచిత్రమే. జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సంజ్ఞానభార సిద్ధాంతం దృష్ట్యా చూస్తే, కొత్త లిపి, కొత్త పదం, కొత్త అర్థం అనే మూడు బరువులు ఇక్కడ ఒకేసారి పరిమితమైన జ్ఞాపకశక్తిపై పడుతున్నాయి.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. గ, డ, ద వంటి హల్లుల ఒత్తులు తలకట్టు తీసివేసిన రూపాలే కనుక సులభం. త, న, మ, య, ల ఒత్తులకు మూలాక్షరంతో పోలిక తక్కువ. ఇంటి మాటల్లో ఎక్కువగా వచ్చేవి సరిగ్గా ఇవే. కాబట్టి ఒత్తును విడిగా సూత్రంగా చెప్పక, ‘అమ్మ’, ‘నాన్న’ వంటి పదాలను ముందుగా పూర్ణరూపంలో గుర్తింపజేసి, అలాంటివి నాలుగైదు పోగయ్యాక విడదీసి చూపడం మేలు.

తెరపై అక్షరం:
తెర మరొక సమస్యను తెస్తుంది. ‘అమ్మాయి’లో దీర్ఘం పలికేది రెండో మకారం తరువాత, కనబడేది మాత్రం పై మకారంపైన. చేతిరాతలో ‘మా’ రాసి కింద ఒత్తు పెడతారు. యూనికోడ్‌లో మకారం, పొల్లు, మకారం, దీర్ఘం అన్న ఉచ్చారణ క్రమమే ఉంటుంది. ‘స్త్రీ’ చూపుకు ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. అక్షర శకలాలను జరిపి పదం కూర్చే ఆటలను రూపొందించేవారు ఈ రెండు క్రమాల్లో దేన్ని అనుసరిస్తున్నారో ముందే నిర్ణయించుకోకపోతే, సరిగా రాయగల పిల్లకు కూడా తెరపై ‘తప్పు’ అని వస్తుంది. ఏడేళ్ల పిల్ల ఆ తప్పును తనదే అనుకుంటుంది.

మూల్యాంకనంలోనూ జాగ్రత్త అవసరం. రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే సాధనాలు పెద్దలకు సౌకర్యమే. పిల్లల అభ్యాసాల్లో వాటిని అనుమతిస్తే పరీక్షకు నిలిచేది ఆంగ్లలిపి జ్ఞానం. ‘తాత’కూ ‘టాటా’కూ తేడా చెవికి పట్టిందో లేదో తెలియదు. ఆంగ్లంలో లేని ఈ త-ట భేదానికి ‘పాత-పాట’, ‘కోత-కోట’ వంటి జంటలను వినిపించి బొమ్మను ఎంపిక చేయించే అభ్యాసాలు రాతకు ముందే రావాలి. రాత మాత్రం కాగితంపైనే సాగి, ఆ కాగితాన్ని కెమెరాకు చూపితే ఉపాధ్యాయులు గీత మొదలైన చోటును, తిరిగిన దిశను అడిగి తెలుసుకోగలరు.