మాఘమాసపు విస్తరి: మిర్చియార్డు భోజన హోటళ్ళలో కొత్త సరుకు లెక్క

గుంటూరు: సంక్రాంతి వెళ్ళి రథసప్తమి దగ్గర పడినప్పటి నుంచి శివరాత్రి వరకు మిర్చియార్డు పరిసరాల్లోని భోజన హోటళ్ళకు రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. తెల్లవారకముందే దిగే రైతులకు, హమాలీలకు, గుమాస్తాలకు వండి వడ్డించడం ఒకటి. ఏడాదికి సరిపడా మిర్చి, చింతపండు, పప్పులు చూసి కొని దాచుకోవడం రెండోది. అమ్మకం జోరుగా ఉన్న రోజుల్లోనే కొనుగోలుకూ రొక్కం కావాలి. ఈ నాలుగైదు వారాల్లో కొన్న సరుకు బాగోగులే తిరిగి పుష్యం వచ్చేదాకా ఆ హోటలు రుచిని, లాభనష్టాలను నిర్ణయిస్తాయి.

యార్డుకు ఫిబ్రవరి నుంచి సరుకు రాబడి పుంజుకుంటుంది. ముమ్మరంగా ఉన్న రోజుల్లో లక్ష టిక్కీలు పైబడి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పల్నాడు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నుంచే గాక తెలంగాణ, కర్ణాటకల నుంచి కూడా లారీలు వస్తాయి. రాత్రి సరుకు దింపుకున్న రైతు బస్తాల పక్కనే కునుకు తీసి, తెల్లవారుజామున టీ, ఇడ్లీ కోసం వెతుక్కుంటాడు. పాటలు ముగిసి కాటాలు పూర్తయ్యేసరికి భోజనాల వేళ అవుతుంది. హోటలు పొయ్యి వెలిగే వేళను యార్డు గడియారమే నిర్ణయిస్తుందన్నమాట.

విస్తరిలో మార్పు

చలికాలం చివర కూరగాయల ఖర్చు తేలిక. చిక్కుడు, వంకాయ, టమాటా, క్యాబేజీ సమృద్ధిగా వచ్చే రోజులివి. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల మీద పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం కూడా ఈ పంటకాలాన్ని అనుసరించి వచ్చిందే. కొందరు హోటళ్ళవారు ఆ ఒక్కరోజు కొత్త బెల్లంతో పరమాన్నం వడ్డిస్తారు. అనకాపల్లి మార్కెట్లో కొత్త బెల్లం లావాదేవీలు చురుగ్గా ఉండే రోజులు కూడా ఇవే.

2023 జూలై, ఆగస్టు నెలల్లో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు చాలాచోట్ల టమాటా పప్పు, రసం పలచబడ్డాయి. మాఘంలో ఆ ఇబ్బంది ఉండదు. కూరల మీద మిగిలిన డబ్బును తెలివైన యజమాని గల్లాలో ఉంచడు, చింతపండు మీదికి మళ్ళిస్తాడు.

విస్తరిలో అసలు విశేషం పండుమిరప పచ్చడి. ఎండబెట్టకముందు ఎర్రగా పండిన కాయను తొడిమతోనే కడిగి, గుడ్డమీద ఆరబోసి, తడి పూర్తిగా ఆరిన తరువాత తొడిమ తీస్తారు. తొడిమ ముందే తీస్తే నీళ్ళు కాయలోకి దిగి పచ్చడి బూజు పడుతుంది. ఉప్పు, చింతపండు చేర్చి జాడీకి ఎత్తి, మూడోనాడు తిరగరుబ్బుతారు. ఏ రోజుకారోజు కొంచెం తీసి వెల్లుల్లి, మెంతిపిండితో తాలింపు పెడితే కొత్తదిలాగే ఉంటుంది. గోంగూరతో కలిపి నూరేది మరో రకం. పండుకాయ ఎండితే బరువు నాలుగో వంతుకు అటూ ఇటూగా దిగుతుంది. కనుక పండుకాయ ధరను ఎండుకాయ ధరలో నాలుగో వంతుతో పోల్చి చూసుకుని, ఎండబెట్టే కూలి కలుపుకుని బేరమాడేవారు నష్టపోరు.

మిర్చి: ఘాటు వేరు, రంగు వేరు

ఎండుమిర్చి కొనుగోలులో హోటళ్ళవారు ఒక్క రకాన్ని నమ్ముకోరు. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి, రెండింటికీ మధ్యస్థంగా లాం పరిశోధనా కేంద్రం రూపొందించిన 334 రకం తీసుకుని కలిపి కారం పట్టిస్తారు. తేజ ఒక్కటే అయితే కూర ఎర్రబడేలోపే తినేవాని కళ్ళు ఎర్రబడతాయి. బ్యాడిగి ఒక్కటే అయితే గుంటూరు రైతు సంతృప్తి పడడు.

తక్కువ ధరకు దొరుకుతుందని తాలుకాయ కలిపితే కారం తెల్లబారుతుంది. ఆ లోపం కప్పిపుచ్చడానికి రంగు కలిపితే అది చట్టరీత్యా నేరం. రోజూ మిర్చి మధ్యనే బతికే గిరాకీదారులు పచ్చడి వాసన చూసి కాయ రకం చెప్పగలరు. ఇక్కడ మోసం మూడు రోజులు నిలవదు.

తేమ విషయంలో అజాగ్రత్త తగదు. నిలవకు కాయలో తేమ నూటికి 10, 11 పాళ్ళకు మించరాదు. 14 పాళ్ళ తేమతో కొన్న క్వింటాలు 10 పాళ్ళకు ఆరేసరికి సుమారు తొంభై ఐదున్నర కిలోలే మిగులుతుంది. అంటే క్వింటాలుకు నాలుగు కిలోల పైచిలుకు నీళ్ళకు ధర చెల్లించినట్టే. ఆరబెట్టకుండా గదిలో వేస్తే బూజు పట్టి మొత్తం పాడవుతుంది. వేసవి ముదిరితే కాయ రంగు తగ్గుతుంది గనుక స్తోమత ఉన్నవారు పెద్ద వర్తకుల సరుకుతో పాటు తమ పది బస్తాలనూ శీతల గిడ్డంగిలో పెట్టించుకుంటారు.

చింతపండు, పప్పులు

కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి మార్కెట్లకు చేరుతుంది. హిందూపురంలో కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా వ్యాపారం సాగుతుంది. పుంగనూరు వైపు నుంచి, మన్యం ప్రాంతాల నుంచి, బస్తరు నుంచి కూడా సరుకు వస్తుంది. గింజ, ఈనె తీసిన పండుకు ధర హెచ్చు. తీయని పండు చవకగా కనిపించినా గింజ బరువు, ఈనెలు ఒలిచే కూలి లెక్క వేస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. కొత్త పండు లేత రంగులో ఉండి రసం చూపుకు బాగుంటుంది. నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. సాంబారు, పులుసులకు నల్లపండు పనికివచ్చినా పులిహోరకు రాదు. అందువల్ల ఒకే ఇంట్లో రెండు రకాల కుండలు ఉంటాయి.

కందులకు 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంతకు ముందు సీజనులో ఇది 7,550. క్వింటాలు కందులు మరలో ఆడిస్తే 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. 72 కిలోల చొప్పున చూసినా మద్దతు ధరకు కొన్న కందులకు పప్పు కిలో ఒక్కింటికి ముడిసరుకు ఖర్చే 111 రూపాయలు పడుతుంది. మరాడింపు కూలి, రవాణా దీనికి అదనం. పొట్టు, నూక అమ్మగా వచ్చేది ఇందులోంచి మినహాయించుకోవాలి. ఇంతకు బాగా తక్కువకు పప్పు ఇస్తామంటే అది దిగుమతి సరుకో, పాత సరుకో, లేదా రైతుకు మద్దతు ధర దక్కని సరుకో అయి ఉండాలి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు వాడేవారు ఉడుకులో, రుచిలో తేడా చెబుతారు. ముద్దపప్పు పేరుమీద నడిచే హోటలుకు ఈ తేడా ముఖ్యం.

మినుముల విషయం వేరు. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికి వస్తుంది. కొత్త మినపప్పు రుబ్బితే పిండి బాగా ఒదుగుతుందని ఇడ్లీ వేసేవారి అనుభవం. పిండి ఒదిగితే అదే పప్పుకు మరో నాలుగు వాయలు లేస్తాయి. గుమ్మడి వడియాలు, అప్పడాలు పెట్టుకునేది కూడా ఈ ఎండల్లోనే. మంచు తగ్గి ఎండ పదునెక్కే ఈ పక్షం రోజులు దాటితే వడియం పెట్టే తీరిక ఉండదు.

బియ్యం: పాతవా, కొత్తవా?

పెద్ద పెట్టుబడి బియ్యానిదే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, నేటికీ భోజన హోటళ్ళకు ప్రమాణం. నవంబరు, డిసెంబరుల్లో కోసిన పంట బియ్యం మాఘానికి ఇంకా కొత్తవే. అన్నం ముద్దయి ఒదుగు తక్కువ వస్తుంది. ఆరు నెలలు దాటినవైతే నీరు ఎక్కువ పీల్చుకుని మెతుకు విడివిడిగా ఉంటుంది. అందుకే కొత్త బియ్యం వండవలసి వచ్చినప్పుడు కొందరు స్టీమ్ బియ్యంతో సర్దుకుంటారు.

పాత బియ్యం ఎప్పటికప్పుడు కొనడమా, కొత్తవి ఇప్పుడే కొని మాగబెట్టుకోవడమా అన్న ప్రశ్న ప్రతి ఏటా ఈ రోజుల్లోనే వస్తుంది. దీనికి సమాధానం వడ్డీలో ఉంది. ఉదాహరణకు కొత్త బియ్యం కిలో 50 రూపాయలనుకుందాం. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చి ఆరు నెలలు నిలవ ఉంచితే వడ్డీయే కిలోకు నాలుగున్నర రూపాయలు. దీనిపై గది అద్దె, పురుగు, తరుగు. పాతకు, కొత్తకు మధ్య ధర తేడా ఈ మొత్తం కంటే తక్కువైతే అప్పుచేసి నిలవ పెట్టడం దండగ. హెచ్చయితే నిలవ పెట్టవచ్చు. సొంత రొక్కం ఉన్నవాడికి లెక్క కొంత సడలుతుంది గాని, ఆ రొక్కానికీ వేరే పని ఉండవచ్చునన్న మాట మరువరాదు.

భోజనం ఒక్కింటికి లెక్క

రోజుకు 200 భోజనాలు, ఏడాదికి 350 పనిదినాలు గల హోటలు ఒకటి ఊహించుకుంటే ఏడాదికి 70 వేల భోజనాలు అవుతాయి. భోజనానికి బియ్యం 250 గ్రాములు, పప్పు 50, నూనె 35, కారం 6 గ్రాముల చొప్పున వాడకం అనుకుంటే బియ్యం 175 క్వింటాళ్ళు, పప్పు 35, నూనె ఇరవై నాలుగున్నర, కారం నాలుగు క్వింటాళ్ళ 20 కిలోలు కావాలి.

ఇప్పుడు ధరల ప్రభావం చూడవచ్చు. బియ్యం కిలోకు ఒక్క రూపాయి పెరిగితే భోజనంపై పావలా పడుతుంది. పప్పు కిలోకు పది రూపాయలు పెరిగితే అర్ధరూపాయి. నూనె పది రూపాయలు పెరిగితే 35 పైసలు. మిర్చి క్వింటాలు ఏకంగా పదివేలు పెరిగినా భోజనంపై పడేది 60 పైసలే. మిర్చి ఊళ్ళో హోటలుకు మిర్చి ధరే ప్రాణమని అనుకోవడం సహజం. వంటింటి లెక్క మాత్రం బియ్యం, పప్పు, నూనెల వైపే చూపిస్తుంది.

నూనె విషయంలో ఢిల్లీ నిర్ణయాలు ఇక్కడి బాణలి దాకా వస్తాయి. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై దిగుమతి సుంకం భారం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర అది 16.5 శాతానికి తగ్గింది. ఈ మధ్యకాలంలో మిరపకాయ బజ్జీ ధర పెంచిన వారు తగ్గించలేదు. పెంచనివారు బజ్జీ పరిమాణం తగ్గించారు. ఇక వాణిజ్య గ్యాసు సిలిండరు ధర నెల మొదటి తేదీన మారుతుంది. హోటలు బోర్డుమీద భోజనం ధర అలా నెలనెలా మార్చడానికి వీలులేదు. రెండు రూపాయలు పెంచితే పక్క హోటలుకు వెళ్ళిపోయే గిరాకీ ఇది.

యార్డు ధర, బల్లల మీది గిరాకీ

అయితే మిర్చి ధర హోటలును మరో దారిన తాకుతుంది. 2023లో మేలు రకాలు క్వింటాలు 20 వేల రూపాయలు దాటాయి. 2025 ఫిబ్రవరి నాటికి ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. ఆ నెలలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున 2 లక్షల 91 వేల టన్నుల మేరకు ఆమోదం తెలిపింది.

అటువంటి ఏడాది హోటలువాడికి కారం చవకగా దొరుకుతుంది. పై లెక్క ప్రకారం అతనికి మిగిలేది భోజనానికి అర్ధరూపాయి పైచిలుకు. కాని బల్లముందు కూర్చునే రైతు చేతిలో డబ్బు తగ్గుతుంది. పూర్తి భోజనం చేసేవాడు రెండు ఇడ్లీలతో లేస్తాడు. ఇద్దరు కలిసి వచ్చేచోట ఒకరే వచ్చి ఇంకొకరికి పొట్లం కట్టించుకుంటారు. ధర కోసం సరుకు శీతల గిడ్డంగికి మళ్ళిస్తే రైతుకు ఆనాడు రొక్కం రాదు, యార్డులో కాటాలూ తగ్గుతాయి. హమాలీ కూలి బస్తాల లెక్కన గనుక అతని పూట కూడా తేలికవుతుంది. రోజుకు 200 భోజనాలలో ఇరవై తగ్గితే కారంమీద మిగిలిన అర్ధరూపాయి ఆ నష్టాన్ని పూడ్చలేదు. వంటవాని జీతం, అద్దె, కరెంటు తగ్గేవి కావు.

ఈ కారణంగా మిర్చి ధర నిలకడగా ఉండాలని కోరుకునేవారిలో కొనుగోలుదారుడైన హోటలు యజమాని కూడా ఉంటాడు. కిరాణా వర్తకులు గమనించవలసిన విషయం కూడా ఇదే. యార్డు బాగున్న ఏడాది హోటలు ఖాతా వారం వారం తీరుతుంది. యార్డు మందగిస్తే వారం వాయిదా పక్షానికి, పక్షం నెలకు జారుతుంది. అరువు పరిమితి పెంచేముందు ఆ హోటలు గల్లాపెట్టె కంటే యార్డు రాబడి, ధర చూడడం మేలు.

శివరాత్రి తరువాత

శివరాత్రితో చలి శివశివా అని పోతుందంటారు. అప్పటి నుంచి పెరుగు, మజ్జిగ వాడకం పెరుగుతుంది, పాల లెక్క మారుతుంది. ములక్కాడలు, మామిడి పిందెలు విస్తరిలోకి వస్తాయి. ఉగాది పచ్చడికి కావలసిన కొత్త చింతపండు, కొత్త బెల్లం అప్పటికి నిలవలో ఉండాలి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తే హోటళ్ళలో సగం బల్లలు ఖాళీ.

కనుక ఉగాదిలోగా చింతపండు, మిర్చి నిలవ పూర్తిచేయడం, కందిపప్పు అవసరంలో కొంత మాత్రమే ఇప్పుడు తీసుకుని మిగతాది రాబడిని బట్టి చూసుకోవడం, అప్పుతో బియ్యం నిలవ పెట్టకపోవడం అనుభవజ్ఞులు అనుసరించే పద్ధతి. పచ్చడి జాడీలకు వాసెన కట్టే పని కూడా ఎండలు ముదిరేలోపే ముగించుకోవాలి.