పులి-మేక ఆట మొత్తం మీ ఫోన్‌లో పట్టేస్తుందా? పాత ఆటల గురించి ఏఐ కొత్తగా ఏం చెప్తోంది?

మొన్న వేసవిలో ఒక రాత్రి గాజువాకలో మా తాతయ్య ఇంట్లో కరెంటు పోయింది. నా ఫోన్‌లో ఛార్జింగ్ 9 శాతం. తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో పులి-మేక పటం గీశారు. మూడు గులకరాళ్ళు తన దగ్గర పెట్టుకుని, పదిహేను చింతపిక్కలు నా చేతిలో పోశారు. రాళ్ళు పులులు, పిక్కలు మేకలు. గంటలో వరసగా మూడు ఆటలు ఓడిపోయాను.

"మేకలు సరిగ్గా పెడితే పులికి దారే ఉండదురా. ఓడిపోయావంటే తప్పు నీదే, మేకలది కాదు" అన్నారు తాతయ్య. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మాట తేల్చి చెప్పడం అలవాటు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు నవ్వి, "ఏట్రా, సాఫ్ట్‌వేర్ ఇంజినీరువి కదా. నాను సెప్పింది నిజమో కాదో నీ కంప్యూటర్నే అడుగు" అన్నారు.

ఆ ఒక్క మాట నా వీకెండ్లన్నీ తినేసింది. ఈ ఆర్టికల్ దాని గురించే. మన పాత ఆటలకి కంప్యూటర్ జవాబు ఎలా వెతుకుతుంది, దానికి ఎంత ఫోన్, ఎంత ర్యామ్ కావాలి, చివరికి మనకి దక్కేది ఏంటి అనేది చూద్దాం.

రెండు రకాల 'ఏఐ'

కోనేరు హంపి, హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి గేమ్స్ లైవ్ చూసేవాళ్ళకి స్క్రీన్ పక్కన పైకీ కిందకీ కదిలే బార్ తెలుసు. ఎవరు ముందున్నారో అది చెప్తుంది. దాని వెనక రెండు వేర్వేరు టెక్నిక్స్ ఉంటాయి.

మొదటిది, న్యూరల్ నెట్‌వర్క్. లక్షల ఆటలు చూసి లేదా తనతో తానే ఆడి, "ఇలాంటి పొజిషన్ మామూలుగా ఎవరికి బావుంటుంది" అని అంచనా వేస్తుంది. ఇది బాగా ఆడే మనిషి అంతఃప్రజ్ఞ లాంటిది. చాలాసార్లు కరెక్టే, కానీ గ్యారంటీ లేదు.

రెండోది, టేబుల్‌బేస్. ఇందులో అంచనా అనే మాటే లేదు. ఆట ముగిసిపోయిన పొజిషన్లతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది. "ఇది ఓటమి. దీనికి ముందు ఎత్తులో అవతలివాడు ఇక్కడికి నెట్టగలిగితే అది వాడికి గెలుపు." ఇలా వెనక్కి వెళ్తూ ప్రతి పొజిషన్‌కీ గెలుపు, ఓటమి, డ్రా అని ముద్ర వేస్తుంది. మేజ్ పజిల్‌ని బయటి గేటు దగ్గర నుంచి లోపలికి సాల్వ్ చేసినట్టు.

టేబుల్‌బేస్ తిరగరాసిన చెస్ సమస్య

చెస్‌లో రాజు, రెండు బిషప్‌లు ఒకవైపు, రాజు, గుర్రం మరోవైపు. 1851లో క్లింగ్, హార్విట్జ్ అనే ఇద్దరు ఒక పొజిషన్ చూపించి, గుర్రం ఇలా కోట కట్టుకుంటే డ్రా అన్నారు. 130 ఏళ్ళు అందరూ అదే నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ (అవును, యూనిక్స్ తయారుచేసిన థాంప్సనే) ఈ ఎండ్‌గేమ్ మొత్తాన్ని కంప్యూటర్‌తో లెక్కేయించాడు. ఆ కోట కూలిపోతుందని, మామూలుగా బిషప్‌లదే గెలుపని తేలింది. కాకపోతే కొన్ని పొజిషన్లలో 66 ఎత్తులు పడతాయి. మధ్యలో చంపడాలు, బంటు కదలికలు లేకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అనే రూల్ అక్కడ అడ్డొస్తుంది.

ఇప్పుడు ఈ టేబుల్స్ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సిజిజీ టేబుల్‌బేస్‌లో బోర్డు మీద 5 పావులదాకా అయితే 1 జీబీ లోపే. 6 పావులకి సుమారు 150 జీబీ. 7 పావులకి 16 టీబీ పైనే. ఒక్క పావు పెరిగితే స్టోరేజ్ వంద రెట్లకి పైగా పెరిగిపోతోంది.

టేబుల్ పట్టని చోట: గో

గో బోర్డు 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు. రూల్స్ ప్రకారం సాధ్యమయ్యే పొజిషన్ల సంఖ్య 2016లో జాన్ ట్రాంప్ కచ్చితంగా లెక్కేశాడు. అది 171 అంకెల సంఖ్య! ఏ హార్డ్‌డిస్కూ పట్టదు. కాబట్టి ఇక్కడ న్యూరల్ నెట్‌వర్కే దిక్కు. ఆల్ఫాగో 2016 మార్చిలో సియోల్‌లో లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది ఆ దారిలోనే.

కానీ అంచనాకి హద్దు ఉంటుందని చెప్పడానికి గోలోనే మంచి ఉదాహరణ ఉంది. 1713లో జపాన్‌లో ఇనోవే దోసెత్సు ఇన్సేకి అనే మాస్టర్ 'ఇగో హత్సుయోరోన్' అనే సమస్యల సంకలనం చేశాడు. అందులో 120వ సమస్యని ప్రపంచంలోనే అతి కష్టమైన గో పజిల్ అంటారు. మనుషుల్ని చిత్తుగా ఓడించే బాట్‌లు కూడా దీని ముందు తడబడ్డాయి. కారణం సింపుల్. అందులో వచ్చే ఆకారం మామూలు ఆటల్లో దాదాపుగా రాదు. ట్రైనింగ్‌లో చూడని దాన్ని నెట్‌వర్క్ ఎలా గుర్తుపడుతుంది?

2019లో కాటాగో అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ చేసిన డేవిడ్ వూ దానికి ప్రత్యేకంగా ట్యూషన్ చెప్పించాడు. ఆ సమస్యలోని పొజిషన్ల నుంచే మొదలుపెట్టి తనతో తానే ఆడేలా ట్రైన్ చేశాడు. అప్పుడు అది సమస్యని పట్టుకోవడమే కాదు, మనుషులు ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన జవాబులో కొన్ని చోట్ల ఇంకా మెరుగైన ఎత్తులు చూపించింది.

మన పులి-మేక ఎంత పెద్దది?

ఇప్పుడు మా అరుగు మీదకి వద్దాం. మేం గీసే పటం త్రిభుజం, దాని మీద ఒక దీర్ఘచతురస్రం. పైన కొన దగ్గర 1 చుక్క. అక్కడి నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. మధ్యలో మూడు అడ్డ వరసలు, ఒక్కోదాంట్లో 6 చుక్కలు. అడుగున 4 చుక్కలు. మొత్తం 23.

ముందు మేకల్ని ఒక్కొక్కటిగా పెడతాం, మధ్యలో పులి కదులుతుంది. పదిహేనూ పెట్టేదాకా మేకలు కదలకూడదు. పక్కన మేక ఉండి, దాని వెనక అదే గీత మీద చుక్క ఖాళీగా ఉంటే పులి దూకి మేకని తినేస్తుంది. మూడు పులులూ కదల్లేకపోతే మేకల గెలుపు.

లెక్క చూడండి. మూడు పులుల్ని 23 చుక్కల మీద పెట్టే విధాలు 1,771. మిగిలిన 20 చుక్కల మీద సున్నా నుంచి 15 దాకా మేకలు ఉండే విధాలు 10,42,380. గుణిస్తే సుమారు 185 కోట్ల పొజిషన్లు. ఎవరి వంతు అనేది కలిపితే రెట్టింపు. గెలుపు, ఓటమి, డ్రా రాసుకోవడానికి ఒక్కో పొజిషన్‌కి 2 బిట్స్ చాలు. అంటే 1 జీబీ లోపే! మేకలు పెట్టే దశ కలిపితే దీనికి ఇంకో ఐదు రెట్లు తోడవుతుంది. కానీ పటం కుడి ఎడమలు అద్దంలో బొమ్మల్లా ఒకటే కాబట్టి మొత్తాన్ని సగానికి తగ్గించొచ్చు. చివరికి 3 జీబీ లోపు. మీ ఫోన్‌లో ఉన్న ఏదో ఒక పెద్ద గేమ్ యాప్ అంత.

దీని నేపాలీ చుట్టం బాఘ్‌చాల్ విషయంలో ఈ పని ఇప్పటికే జరిగింది. అక్కడ 25 చుక్కలు, 4 పులులు, 20 మేకలు. ఐదు మేకల్ని తింటే పులుల గెలుపు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది డ్రా అని నిరూపించారు.

కోడ్ రాస్తుంటే కనిపించిన సంగతి

పులి కదలగలదా లేదా అని చెక్ చేసే ఫంక్షన్ రాస్తున్నప్పుడు ఒకటి గమనించాను. కొన మీద కూర్చున్న పులిని కట్టేయాలంటే కింద నాలుగు మేకలు, వాటి వెనక మరో నాలుగు, మొత్తం 8 కావాలి. అదే దీర్ఘచతురస్రం అంచుల మీద ఉన్న పులికి 4 చాలు. కొన మీద ఒకటి, అంచుల్లో రెండు ఉంటే 8+4+4, అంటే 16. నా దగ్గర ఉన్నవి 15. మరి తాతయ్య మాట తప్పా?

తప్పు కాదు. ఒక పులి కొన మీద, మిగతా రెండూ మొదటి వరస రెండు చివర్లలో ఉన్నాయనుకోండి. కొన కింద కాపలా ఉన్న మేకలే వరస చివర్లలోని పులుల్ని కూడా పక్క నుంచి ఆపుతాయి. ఒక్క మేక రెండు డ్యూటీలు చేస్తోంది. అప్పుడు 12 మేకలతో మూడూ కదలకుండా పోతాయి.

ఇంకా తమాషా ఏంటంటే, మూడు పులులూ ఒకే అంచు మీద వరసగా నిలబడితే 6 మేకలు చాలు. పులి మీంచి పులి దూకలేదు కాబట్టి, వాటికి అవే అడ్డం. పులులు ఎప్పుడూ విడివిడిగా ఉండాలని తాతయ్య ఆడే తీరుకి కారణం నాకు అక్కడ అర్థమైంది.

మీరూ ట్రై చేయాలంటే ఏ డివైస్ కావాలి?

ఫోన్ యాడ్స్‌లో ఎన్‌పీయూ, టాప్స్ అని ఊదరగొడతారు కదా. అవి న్యూరల్ నెట్‌వర్క్ నడపడానికి పనికొస్తాయి. టేబుల్‌బేస్‌కి వాటితో పనే లేదు. టేబుల్ తయారు చేయడానికి ర్యామ్, సీపీయూ కావాలి, తయారైన టేబుల్ చదవడానికి స్టోరేజ్ చాలు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టొచ్చు. పైథాన్‌తో మాత్రం వద్దు. నేను అలాగే మొదలుపెట్టి, ఫ్యాన్ మోత తప్ప ఏమీ సాధించలేక సీ++కి మారాను. మేకలు పెట్టే దశ వెనక్కి తిరగదు కాబట్టి, ఒక్కో దశ విడిగా చేసి డిస్క్‌లో దాచుకుంటే ర్యామ్ సరిపోతుంది.

కోడ్ మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని రూల్స్ అడగండి. నేను ఇరుక్కున్నది అక్కడే. పులి గెలవాలంటే ఎన్ని మేకలు తినాలి? ఇంటికో లెక్క ఉంటుంది. ఆ నంబర్ మారితే టేబుల్ మొత్తం మారిపోతుంది. తాతయ్యని అడిగితే "కట్టడానికి సరిపడా మేకలు లేకపోతే ఓడిపోయినట్టే" అన్నారు. మనిషికి ఇది సరిపోతుంది. కంప్యూటర్‌కి సరిపోదు. ఆరు మేకలతో కూడా కట్టొచ్చని ఇప్పుడే చూశాం కదా, పులులు తెలివితక్కువగా నిలబడితే. ప్రస్తుతానికి ఒక్కో నంబర్‌కీ వేరే టేబుల్ వేస్తున్నాను. నా కోడ్ ఇంకా తీర్పు దాకా రాలేదు.

తాతయ్య తీర్పు

పోయిన ఆదివారం గాజువాక వెళ్ళి, అరుగు మీద ఆ 12 మేకల పొజిషన్ పేర్చి చూపించాను. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని ప్రతి గీతా వేలితో తడిమి చూశారు. "కట్టు బావుంది. కానీ ఇక్కడిదాకా నేను రానిస్తానేటి?" అన్నారు.

నిజమే. నేను చూపించింది ఆఖరి ఫొటో మాత్రమే. అక్కడికి దారి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, టేబుల్ పూర్తయితే దొరికేది ఆ జవాబే. అయితే ఆ జవాబు "గెలుపు" అనో "డ్రా" అనో ఒక్క ముక్కలో ఉంటుంది. ఎందుకో అది చెప్పదు. ఒకే మేక రెండు డ్యూటీలు చేస్తుందన్న సంగతి లాంటివి మనమే కూర్చుని వెతుక్కోవాలి.

ఆ తర్వాత మళ్ళీ ఆడాం. మళ్ళీ ఓడిపోయాను. కాకపోతే ఈసారి తొమ్మిదో మేకని ఒకే డ్యూటీ ఉన్న చుక్కలో పెట్టడం వల్ల ఓడిపోయానని, తాతయ్య చెప్పకముందే నాకు తెలిసిపోయింది.