బర్తు

విశాఖపట్నపు రేవు 1933లో సముద్రనౌకలకు తెరువబడినది. ఓడ నిలుచు తావు ‘బర్తు’. రైలుపెట్టెలో పండుకొను పలకయు బర్తే. పుట్టుకకు ఆంగ్లమందున్న మాటయు మన చెవికి బర్తే! చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఓడ బర్తునకు రెండవ యక్షరము ‘ఈ’, పుట్టుకకు ‘ఐ’.

నేనెఱిగిన యొక వృద్ధుడు, మోకాళ్ల నొప్పులచే బాధపడుచు, తనకు క్రింది బర్తు నిప్పింపుడని రైలువారికి ఆంగ్లమున విన్నపము వ్రాసికొనెను. ‘ఈ’కి బదులు ‘ఐ’ పడినది, నీచజన్మమును కోరినట్లైనది. మనుమడు చదివి పకపక నవ్వెను. నాటినుండి ఆయన ఆంగ్లమున కలము పట్టలేదు. బ్యాంకు కాగితములు సయితము మనుమనిచేతనే వ్రాయించుకొనెడివాడు.

ఆయన తెలివి తక్కువవాడు కాడు. తెలుగున ఇంచుమించు పలికినట్లే వ్రాయుదుము. ఆ యలవాటుతోనే ఆంగ్లమును వ్రాసెను. ఓడరేవు గట్టును చెప్పు మాటను చూడుడు: అక్షరములు క్యూ, యు, ఏ, వై, పలుకుబడి మాత్రము ‘కీ’. తాళపుచెవియు అదే పలుకుబడి! ‘స్టీల్’లో రెండవ ‘ఈ’ స్థానమున ‘ఏ’ పెట్టినచో ఉక్కు కాస్తా దొంగతనమగును. కాగితముల యంగడి పలకపై ‘స్టేషనరీ’లో ‘ఆర్’కు ముందు ‘ఏ’ వ్రాసిన, కదలనిదని యర్థము. అంగడి కదలదు గదా, తప్పేమున్నదని మా మిత్రుడొకడు వాదించును.

ఆంగ్లేయులు మన విశాఖను ‘జెడ్’ పెట్టి వ్రాసిరి. ఎవరును పకపక నవ్వలేదు.

నేనిప్పుడు తరగతిలో విడిమాటలు చెప్పి వ్రాయింపను. ఓడనొక వాక్యమునను, శిశువునొక వాక్యమునను ఉంచి చెప్పుచున్నాను.