పాత కారుకు ఆయిల్ ఫిల్టర్ మారుస్తున్నారా? ఈ రబ్బర్ రింగ్ చూడకుండా కొత్తది బిగించారో.. ఇంజిన్ సీజే!

మారుతీ 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో ఆ బండి ఇంకా తిరుగుతూనే ఉంది. పాత జెన్, పాత ఆల్టో, మొదటి తరం శాంత్రో కూడా అంతే. ఇలాంటి కార్లున్నవాళ్లు చాలామంది ఇంజిన్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చేసుకుంటారు, లేదంటే దగ్గర్లోని షెడ్డులో ఇస్తారు. పని చిన్నదే. కింద ఒక డ్రెయిన్ బోల్ట్, పక్కన డబ్బాలాంటి ఒక ఫిల్టర్. అరగంటలో అయిపోతుంది. కానీ ఈ చిన్న పనిలోనే, నిమిషాల్లో ఇంజిన్‌ను పాడుచేసే పొరపాటు ఒకటి దాగి ఉంది. అదేంటో చూద్దాం..

పాత రింగ్ ఎక్కడ ఉంది?

ఫిల్టర్ మూతి దగ్గర గుండ్రటి రబ్బర్ రింగ్ ఉంటుంది. ఇంజిన్‌కు, ఫిల్టర్‌కు మధ్య నుంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది అదే. మామూలుగా పాత ఫిల్టర్ విప్పితే దాంతో పాటే వచ్చేస్తుంది. కానీ ఏడాది, రెండేళ్లు ఇంజిన్ వేడికి మగ్గిన రబ్బర్ గట్టిపడి ఇంజిన్ వైపే అతుక్కుపోవచ్చు. నల్లటి ఆయిల్ మధ్యలో నల్లటి రింగ్.. కంటికి ఆనదు.

అది చూడకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగ్ మీద రింగ్ పడుతుంది. కొత్త రింగ్‌కు ఫిల్టర్‌లో గాడి ఉంటుంది కాబట్టి అది కదలదు. పాతదాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచితే చుక్క కూడా కారకపోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కి, ఆయిల్ ప్రెషర్ పెరిగాక పాత రింగ్ పక్కకు జారుతుంది. అప్పుడిక కారడం కాదు, చిమ్మడమే. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పంపు ఆయిల్‌ను బయటికి తోసేస్తూనే ఉంటుంది.

ఇలాంటి కార్లలో డ్రైవర్‌కు తెలిసేది డాష్‌బోర్డ్ మీద ఎర్రటి ఆయిల్ లైట్ ఒక్కటే. అది వెలిగేసరికే ప్రెషర్ పడిపోయి ఉంటుంది. 'పక్క ఊరి దాకా పోనిద్దాం' అనుకుంటే అంతే సంగతులు. బేరింగులు, క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ పొర లేకుండా రాసుకుని ఇంజిన్ పట్టేస్తుంది. ఆ లైట్ వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాల్సిందే.

అందుకే పాత ఫిల్టర్ విప్పగానే తిప్పి మూతి చూడండి. రింగ్ దానికే ఉంటే సరే. లేకపోతే ఇంజిన్ మీద ఉన్నట్టే.. వేలితో తడిమి తీసేయండి. తర్వాత ఆ చోటును శుభ్రమైన గుడ్డతో తుడవాలి. షెడ్డులో ఇచ్చినా 'పాత ఫిల్టర్ ఒకసారి చూపించన్నా' అని అడగొచ్చు, తప్పేం లేదు.

ఎంత బిగించాలి?

బిగించే ముందు కొత్త రింగ్‌కు కొత్త ఆయిల్ వేలితో రాయాలి. పొడిగా బిగిస్తే రబ్బర్ మెలితిరుగుతుంది, వచ్చేసారి విప్పేటప్పుడు అతుక్కుపోతుంది కూడా. రింగ్ ఇంజిన్‌కు తగిలాక చేత్తోనే ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలావాటికి సరిపోతుంది. ఫిల్టర్ మీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి. ఫిల్టర్ ఓపెనర్ విప్పడానికే, బిగించడానికి కాదు. డబ్బాలోకి స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పడం చివరి దారి మాత్రమే. రేకు చిరిగిందంటే విప్పడం ఇంకా కష్టం.

ఫిల్టర్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వాడేవాళ్లూ ఉన్నారు! లోపలున్నది మడతల కాగితం. కడిగితే అది పాడవడమే తప్ప ఇరుక్కున్న మడ్డి పూర్తిగా పోదు. ఫిల్టర్ మూసుకుపోతే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే ఇంజిన్‌కు పంపిస్తుంది. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. మరీ చవక ఫిల్టర్లలో ఆయిల్‌ను వెనక్కి జారకుండా ఆపే రబ్బర్ వాల్వ్ సరిగా పనిచేయకపోవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు టకటక చప్పుడు వస్తుంటే దాన్నీ అనుమానించాలి.

బండి కిందికి వెళ్లేముందు..

ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు లేకపోతే షెడ్డుకే తీసుకెళ్లండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే ఆయిల్ త్వరగా దిగుతుంది, కానీ సలసల కాగేటప్పుడు బోల్ట్ విప్పితే చేయి కాలుతుంది. ఏ గ్రేడ్, ఎన్ని లీటర్లు అన్నది ఓనర్స్ మాన్యువల్ చూసి పోయాలి. పాత బండి కదా అని చిక్కటి ఆయిల్ పోసేయడం సరికాదు.

కొత్త ఆయిల్ పోశాక స్టార్ట్ చేస్తే ఎర్ర లైట్ కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఇంకొకరితో కొద్దిగా రేజ్ చేయించి ఫిల్టర్ చుట్టూ చూడాలి. ఆపేసి ఐదు నిమిషాలాగి డిప్ స్టిక్ తీయండి. కొత్త ఫిల్టర్ కొంత ఆయిల్ తాగుతుంది కాబట్టి మట్టం కాస్త తగ్గుతుంది. కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటితే నురగ వచ్చి అదో సమస్య.

తీసిన ఆయిల్‌ను డ్రైనేజీలో పారబోయకండి. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఆ రాత్రి కారు కింద పాత అట్టముక్క ఒకటి పరిచి ఉంచితే, ఆయిల్ చుక్కలు కారుతుంటే పొద్దున్నే తెలియవచ్చు.